మారథాన్‌కు పేరిద్దామా?

జనవరిలో చెన్నై మారథాన్ వస్తోందంటే క్లాసులో ఒకటే మాట, "మనమూ పేరిద్దామే!" అని. తిరుత్తణి, తిరువళ్లూరు నుంచి రోజూ లోకల్‌లో వచ్చిపోయే మనకు అది సరిపడుతుందా అన్నది చూద్దాం.

మారథాన్ అంటే 42.195 కి.మీ. తిరువళ్లూరు స్టేషన్ నుంచి సెంట్రల్‌కు సుమారు అంతే. సీటు దొరక్క నిలబడి వస్తేనే కాళ్లు లాగుతున్నాయంటామే, ఆ దారంతా పరుగెత్తాలన్నమాట! కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున ఎక్కడా ఆగకుండా పోయినా 5 గంటల 37 నిమిషాలు పడుతుంది.

తిరుత్తణి వాళ్లకు ఇంకో ధైర్యం ఉంది. డిసెంబరు 31న మెట్ల పూజకు 365 మెట్లూ ఎక్కేస్తాం కదా అని. తొడలకు మంచి బలమే, కాదనను. కానీ అది కాసేపటి పని. మారథాన్‌లో అసలు కష్టం 30 కి.మీ. దాటాకే. కండరాల్లో, కాలేయంలో నిలవ ఉండే గ్లైకోజెన్ అప్పటికి అడుగంటుతుంది, కాళ్లు మాట వినవు. నెలల తరబడి సాధన చేస్తే తప్ప దాన్ని తట్టుకోలేం.

ఆడపిల్లలు కదా, అంత దూరం ఎందుకు అంటే మాత్రం ఒప్పుకోకండి. ఒలింపిక్స్‌లో కూడా 1984 దాకా అలాగే ఆపారు. అంతకు ముందు ఆడవాళ్లకు 1500 మీటర్లకు మించి పరుగే లేదు. ఆ ఏడాది లాస్ ఏంజెలిస్‌లో మొదటిసారి మారథాన్ పెడితే జోన్ బెనాయిట్ గెలిచింది.

మనకు అసలు చిక్కు దూరం కాదు, వేళ. ఎండ ముదరక ముందే ముగించాలని పూర్తి మారథాన్ చీకటితోనే మొదలవుతుంది. మొదటి లోకల్ పట్టుకున్నా అందదు. ముందురోజు రాత్రి చెన్నైలో ఎవరింట ఉంటాం, తెల్లారకముందు తోడెవరు వస్తారు? ఇంట్లో అమ్మానాన్నలు అడిగేది ఇదే, అడగడం న్యాయమే. పైగా సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. జనవరి చలి కదా అని మోసపోకూడదు. ఒట్టి నీళ్లే అదే పనిగా తాగినా ప్రమాదమే, ఉప్పు కూడా పోతూ ఉంటుంది.

పేరిచ్చే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కింద లెక్క. మెట్లెక్కితే ఆయాసం వచ్చేవాళ్లు మనలో తక్కువేం లేరు. వాళ్లు ముందు డాక్టరు దగ్గరికి పోవాలి, బూట్లు తర్వాత కొనుక్కోవచ్చు.

నన్నడిగితే ఈ ఏడాది ఫుల్ మనకొద్దు. 18 నిండనివాళ్లకు అసలే కుదరదు. 10 కి.మీ. పరుగు మాత్రం అందేదే. 400 మీటర్ల గ్రౌండులో 25 చుట్లు. ఆయాసం లేకుండా పక్కమ్మాయితో మాట్లాడుతూ 10 చుట్లు రాగలిగితే మిగతావి మెల్లగా పెంచుకోవచ్చు. నవంబరులో సెమిస్టర్ పరీక్షలు అడ్డం వస్తాయి కాబట్టి జూలైలోనే మొదలుపెట్టాలి, సాయంత్రం లోకల్‌కు గంట ముందు.