పులికి తోకేది?

అమ్రాబాద్ పులుల అడవిలో చెట్లకు కట్టిన కెమెరాలు తీసిన ఫొటోలు మెమరీ కార్డుల్లో ఉంటాయి. అలాంటి ఫొటో ఒకదాన్ని పక్క కంప్యూటర్‌కు మీరే ప్రోగ్రాం రాసి పంపాలంటే? సాకెట్ కావాలి. రెండు ప్రోగ్రాములను కలిపే పైపుకు ఈ కొసన ఒక సాకెట్, ఆ కొసన ఒకటి. ఇప్పటి సాకెట్ పద్ధతి 1983లో బర్కిలీ యూనిక్స్‌తో వ్యాప్తిలోకి వచ్చింది.

ఏ లైబ్రరీ? కొత్తవాళ్లకు నా ఓటు పైథాన్‌తోపాటే వచ్చే 'సాకెట్'కే. విడిగా ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు. అందులో డేటా పంపే పద్ధతుల్లో టీసీపీని ఎంచుకోండి. మరో పద్ధతి యూడీపీలో డేటా ముక్క దారిలో పోతే అడిగే దిక్కుండదు.

అయితే ఒక తిరకాసుంది. టీసీపీ బోరు పైపు లాంటిది. బిందె ఎప్పుడు నిండిందో పైపుకేం తెలుసు? 'రిసీవ్'తో 4096 బైట్లు అడిగితే 4096 రావచ్చు, 1200 కూడా రావచ్చు. ఒక్కసారి అడిగి ఊరుకున్నారా, పులి తల వస్తుంది, తోక రాదు! అందుకే ముందుగా ఫైలు సైజును 8 బైట్లలో పంపాలి. అవతల అన్ని బైట్లూ చేరేదాకా లూప్ తిరగాలి. 'సెండ్' కూడా సగం పంపి ఆగిపోగలదు, కాబట్టి 'సెండాల్' వాడండి.

అన్నట్టు, ఫైలును బైనరీగా తెరవడం మరిచిపోకండి.