వరి అగ్గి తెగులు: పేరు, జీవక్రియ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016లో పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. ఇక్కడి వరిని ఆశించే శిలీంధ్ర వ్యాధుల్లో అగ్గి తెగులు ముఖ్యమైనది. తీవ్రంగా సోకిన చేను కాలినట్లు కనిపిస్తుంది. తెగులు పేరు ఆ దృశ్యాన్నే సూచిస్తుంది.

అయితే కంటికి కనబడే మచ్చకు ముందే మొక్క జీవక్రియ మారుతుంది. శిలీంధ్రబీజం ఆకుపై మొలకెత్తి, మెలనిన్ పొర గల కణాన్ని ఏర్పరచుకొని, దానిలోని పీడనంతో ఆకుపొరను ఛేదిస్తుంది. మొక్క ఫీనాల్ పదార్థాలను, ఫైటోఅలెక్సిన్లను తయారుచేసి దానిని ఎదుర్కొంటుంది. ఇందుకు కావలసిన శక్తి కోసం శ్వాసక్రియ పెరుగుతుంది. మచ్చలు పడిన మేర కిరణజన్య సంయోగక్రియ తగ్గుతుంది. అంటే మొక్కకు రాబడి తగ్గి ఖర్చు పెరుగుతుంది. వెన్ను మెడ వద్ద తెగులు సోకితే, పిండిపదార్థంగా మారవలసిన చక్కెరలు గింజకు చేరవు, తాలు మిగులుతుంది. దీనినే మెడవిరుపు అంటారు.

నత్రజని అధికమైతే ఆకుల్లో కరిగే నత్రజని పదార్థాలు పెరిగి శిలీంధ్రానికి ఆహారమవుతాయి, కణకవచం బలహీనపడుతుంది. కనుక ఆకులు ఎండుతున్నాయని యూరియా వేయడం అగ్నికి ఆజ్యం పోయడమే. సాంబ మసూరి ఈ తెగులుకు లొంగుతుంది. రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోన తట్టుకుంటుంది. అందువల్ల విత్తన రకం ఎంపిక, నత్రజనిని దఫాలుగా వేయడం మచ్చ కనబడకముందే చేపట్టవలసిన నివారణ చర్యలు.