అంబాసిడర్ నేర్పిన పాఠాలు

న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో 25 ఏళ్ళు నిండని వారు డ్రైవింగ్ పరీక్షకు వెళ్ళాలంటే సాధారణంగా 120 గంటలు కారు నడిపినట్లు లాగ్‌బుక్కులో చూపవలసి ఉంటుంది. ఆ గంటలలో అధికభాగం పక్క సీటులో కూర్చుండేది తల్లిదండ్రులే. మనవారి ఇళ్ళలో ఆ తండ్రి తరచుగా అంబాసిడర్ మీదనో, ప్రీమియర్ పద్మిని మీదనో తన తండ్రి వద్ద డ్రైవింగ్ నేర్చినవాడు. అందుచేత ఆనాటి సూత్రాలే నేటి పిల్లలకూ అందుతున్నాయి. "ఇంజను బాగా వేడెక్కనిచ్చి కదులమ్మా. పల్లం వస్తే న్యూట్రల్ చెయ్యి, పెట్రోలు కలిసివస్తుంది."

ఇవి మూఢనమ్మకాలు కావు. కార్బురేటర్ అనేది ఇంజను పీల్చే గాలి వేగంతో పెట్రోలును తుంపరగా లాగే పరికరం. చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరికాక గోడలకు అంటుకొని ద్రవంగానే మిగిలిపోతుంది. కనుక చోక్ లాగి, గాలిని తగ్గించి, మిశ్రమాన్ని చిక్కబరిచేవారు. తొందరపడితే బండి దగ్గి ఆగిపోయేది.

నేడు ఆ బాధ్యత ఫ్యూయల్ ఇంజెక్షనుది. ఇంజను ఉష్ణోగ్రతను, లోనికి వచ్చే గాలిని, పొగలోని ఆక్సిజనును సెన్సర్లు కొలుస్తుంటే, ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. స్టార్టు చేసిన అర నిమిషానికి కదలవచ్చు. ఊరక నిలబెడితే మేలు లేకపోగా కీడే. కాలని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగి, క్రిందికి దిగి ఆయిలును పలచబరుస్తుంది. పైగా ఒక లీటరు పెట్రోలు పూర్తిగా దహనమైతే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. హైస్కూలు పిల్లలు సమీకరణం వ్రాసి సరిచూచుకొనవచ్చు! వేడి ఇంజనులో అది ఆవిరిగా వెళ్ళిపోతుంది; చల్లని ఇంజనులో కొంత ఆయిలులో చేరుతుంది. పొగలోని విషవాయువులను శుద్ధిచేసే ఉత్ప్రేరక కన్వర్టరు కూడా సుమారు 250 నుండి 300 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కితేగాని పూనుకొని పనిచేయదు. తలుపు మూసిన గరాజులోనైతే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలకే ముప్పు. అయితే పెద్దల మాటలో ఒక సగం చెక్కుచెదరలేదు: మొదటి కొద్ది కిలోమీటర్లు ఇంజనును రెచ్చగొట్టక మెల్లగా నడపాలి.

ఇక న్యూట్రల్ సంగతి. ఘాట్ రోడ్డు దిగుతూ ఇంజనునే ఆపివేసే డ్రైవర్లను చూడని వారు మనలో అరుదు. కార్బురేటర్ ఇంజను గేరులో ఉండి వేగంగా తిరిగినంతసేపూ పెట్రోలు పీలుస్తూనే ఉండేది కనుక అది పొదుపే. ఇంజెక్షను ఇంజనులో లెక్క తలక్రిందులైంది. గేరులో ఉంచి యాక్సిలరేటరు మీది కాలు తీసివేస్తే కంప్యూటరు పెట్రోలును పూర్తిగా ఆపివేస్తుంది. ఇంజనును చక్రాలే త్రిప్పుతాయి. న్యూట్రల్ చేసినారా, అది ఆగిపోకుండా తిరగడానికి మళ్ళీ పెట్రోలు కావాలి.

పెట్రోలు మాట అటుంచి, అసలు ప్రమాదం బ్రేకులది. సిడ్నీ సమీపాన బ్లూ మౌంటెన్స్‌లో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న కటూంబా నుండి పెన్రిత్‌కు దిగే దారిలో న్యూట్రల్ చేస్తే ఇంజను పట్టు పోయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి మితిమీరి వేడెక్కితే పట్టు సడలుతుంది. తేమ చేరిన పాత బ్రేక్ ఫ్లూయిడ్ మరిగిందంటే పెడల్ మెత్తబడి లోనికి దిగిపోతుంది. ఇంజనునే ఆపితే బ్రేకులకూ స్టీరింగుకూ అందే సహాయం కూడా తగ్గిపోతుంది. ఆటోమేటిక్ కారైనా సరే, నిటారు పల్లంలో చిన్న గేరు ఎంచుకొనవలెను.

హైబ్రిడ్ కార్లలో ఇంకొక విశేషమున్నది. పల్లంలో చక్రాలే మోటారును త్రిప్పి బ్యాటరీని నింపుతాయి. న్యూట్రల్ చేస్తే ఆ కరెంటూ దక్కదు.