ఈ వల ఎవరికోసం?

మా వీధి చివర ఒక మేడ లేస్తోంది. ఏడంతస్తులట. చుట్టూ సర్వీకర్రల పరంజా, దానిమీద పైనుంచి కిందిదాకా ఆకుపచ్చటి వలగుడ్డ. కాలేజీకి వెడుతూ వస్తూ రోజూ చూసి, పోనీలే, పనివాళ్లు జారితే పట్టుకోవడానికి ఏదో ఏర్పాటు చేశారు గదా అని సంతోషిస్తూ ఉండేవాణ్ణి. మొన్న ఒకనాడు ఆ మాటే అక్కడి మేస్త్రీతో అన్నాను. అతను నావంక జాలిగా చూసి, "అది దుమ్ముకండి మాస్టారూ, మనిషిక్కాదు" అన్నాడు.

పద్యానికి తాత్పర్యం తప్పుచెప్పి దొరికిపోయిన కుర్రాడిలాగా ఇంటికొచ్చాను. మరి మనిషికోసం కట్టే వల ఎలా ఉంటుంది? నాలుగు పుస్తకాలు తిరగేశాను.

వలను నమ్మి కట్టిన కట్టడాల్లో పేరుమోసింది అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి గోల్డెన్ గేట్ వంతెన. 1933 జనవరిలో పని మొదలుపెట్టి 1937 మే నెలలో తెరిచారు. ఆ రోజుల్లో అక్కడి కట్టడపు పనుల్లో ఒక లెక్క చలామణీలో ఉండేది: పది లక్షల డాలర్ల పనికి ఒక ప్రాణం. బస్తా ధాన్యానికి ఇంత తరుగు అన్నట్లు, మనుషుల్లో తరుగన్నమాట! ఈ వంతెన ఖర్చు మూడున్నర కోట్ల డాలర్లు. ఆ లెక్కన 35 మంది పోవాలి.

చీఫ్ ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ ఆ లెక్కకు ఒప్పుకోలేదు. ఈయన కవిత్వం కూడా రాసేవాడు. వంతెన పూర్తయినప్పుడు దానిమీదే ఒక కవిత రాశాడు. తెలుగు పంతుల్ని గనుక ఈ ముక్క చెప్పకుండా ఉండలేను. తలమీద గట్టి టోపీ లేనిదే ఎవర్నీ పనిలోకి రానివ్వలేదు. 1936లో రోడ్డు పరిచే భాగం కట్టేటప్పుడు వంతెన అడుగున, ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా, మనీలా నారతాళ్ల వల వేలాడదీయించాడు. రెండు పక్కలా పదేసి అడుగులు బయటికి వచ్చేటట్లు. దానికైన ఖర్చు 1,30,000 డాలర్లు. ఆ వలలో పడి 19 మంది బ్రతికారు. వాళ్లంతా కలిసి తమకు తామే "నరకానికి సగందారి క్లబ్బు" అని పేరు పెట్టుకున్నారట. చావు అంచుదాకా వెళ్లివచ్చినవాడికే అలాంటి పరిహాసం చెల్లుతుంది.

ఇక్కడ చిన్న లెక్క చూడండి. ఆరు మీటర్ల ఎత్తునుంచి 70 కిలోల మనిషి పడ్డాడనుకోండి. వల మీటరున్నర కిందికి సాగి ఆపితే, అతని ఒంటిమీద పడే భారం సుమారు అయిదుగురు మనుషుల బరువు. అదే వల బిర్రుగా ఉండి పది సెంటీమీటర్లలోనే ఆపిందో, అరవై మంది బరువు. అంటే నాలుగు టన్నుల పైమాటే! అందుచేత పడేవాణ్ణి పట్టే వల వదులుగా ఉండాలి.

ఈ కాలంలో మరో రకం వల వచ్చింది. ఇది పట్టుకోవడానికి మాత్రమే కాదు, నడవడానికి కూడా. మా అమ్మమ్మగారింట్లో నవారు మంచం ఉండేది. పిల్లలం ఎక్కి తొక్కితే నవారు వదులై, నడుమ గుంటపడి, అందరం ఒకరిమీద ఒకరం దొర్లేవాళ్లం. తాతయ్య మళ్లీ బిగించి కట్టేవాడు. అప్పుడు దానిమీద నిలబడి గంతులేసినా చలించేది కాదు. సముద్రంలోని చమురు కట్టడాలకూ, రేవుల్లోని జెట్టీలకూ అడుగుభాగాన ఇప్పుడు చేస్తున్నది ఇదే. అక్కడ ఇనుముకు తుప్పు పడుతుంది, గీకి రంగు వెయ్యాలి. కింద చూస్తే సముద్రం, పరంజాకు కాలు మోపే చోటు లేదు. పైనుంచి వేలాడదీద్దామంటే టన్నులకొద్దీ గొట్టాలు, పలకలు మోసుకెళ్లాలి. వల అయితే సంచుల్లో మడిచి తీసుకుపోవచ్చు. ముందుగా రెండేసి తాళ్లకు కట్టుకుని వేలాడేవాళ్లు దిగి, దూలంనుంచి దూలానికి వలను బిగించి వస్తారు. తరవాత తక్కినవాళ్లు దానిమీదే నడుస్తూ పని చేసుకుంటారు. పనిముట్టు జారితే నీళ్లపాలు కాకుండా పైన సన్నకళ్ల వల ఇంకొకటి పరుస్తారు.

బిగువు వల మనిషిని దెబ్బతీస్తుందంటివే అంటారేమో. కిటుకంతా దూరంలో ఉంది. ఈ వల పాదాల కిందే ఉంటుంది. తూలినవాడు తన నిలువెత్తు మాత్రమే పడతాడు.

ఐరోపావారు పడేవాళ్లను పట్టే వలల్ని పరీక్షించడానికి 100 కిలోల గుండును 7 మీటర్ల ఎత్తునుంచి వదులుతారు. మన దేశంలోనూ పారిశ్రామిక రక్షణ వలలకు 1984లోనే ఐ.ఎస్. 11057 అని ఒక ప్రమాణం ఏర్పరచారు. నాకు నచ్చినది మరొకటి: ఐరోపా పద్ధతిలో వలతోపాటే కొన్ని విడి కళ్లు కట్టి ఉంచుతారు. ఎండా వానా వాటికీ సమానమే. కొంతకాలానికి వాటిని విప్పి తెంపి చూస్తే వల సత్తువ తెలుస్తుంది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్లే. ఈ పరీక్ష అవసరం, ఎందుకంటే నైలాను ఎండకు చివుకుతుంది; వెల్డింగు రవ్వ పడితే కరిగి చిల్లుపడుతుంది. పైకి మాత్రం నవనవలాడుతూనే ఉంటుంది.

గోల్డెన్ గేట్ కథ అక్కడితో ఆగలేదు. నాలుగేళ్ల పనిలో పోయింది ఒక్కడే అని అందరూ మెచ్చుకుంటున్న సమయంలో, 1937 ఫిబ్రవరి 17న, దాదాపు అయిదు టన్నుల వేలాడే పరంజా తెగి వలమీద పడింది. వల చిరిగింది. 12 మంది దానితోపాటు సముద్రంలోకి పోయారు. ఇద్దరు బ్రతికి బయటపడ్డారు. ఆ వల మనిషికోసం కట్టినది, పరంజాకోసం కాదు.

నిన్న సాయంత్రం మేస్త్రీ పని దిగి కాళ్లు కడుక్కుంటూంటే ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. పందొమ్మిది మంది అన్నచోట "ఆహా" అన్నాడు, పదిమంది అన్నచోట తల పంకించాడు. ఆఖరికి, "ఆ వలకి డబ్బులు ఎవరు పెట్టుకున్నారండీ, కూలీలా?" అని అడిగాడు.

"కాదు, వంతెన కట్టించినవాళ్లే" అన్నాను.

"అలాగాండీ" అని, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, పరంజాకేసి ఒకసారి తలెత్తి చూసి వెళ్లిపోయాడు.