పేరులో బరువు తగ్గింది!

బరువు తగ్గేందుకు తోడ్పడే అమెరికా కంపెనీ వెయిట్ వాచర్స్ 2018 సెప్టెంబరు 24న తన పేరులోంచి బరువును తీసేసింది. అయిదున్నర దశాబ్దాలుగా జనం నోళ్లలో నానిన పేరు పోయి రెండు ఇంగ్లిష్ అక్షరాలు మిగిలాయి- డబ్ల్యూడబ్ల్యూ. ‘ఫలితం చూపించే వెల్‌నెస్’ అనే అర్థంలో కింద ఒక నినాదం. ‘మాది డైటింగ్ వ్యాపారం కాదు, ఆరోగ్యంగా బతకడం నేర్పే సంస్థ’ అని చెప్పుకోవడం దాని ఉద్దేశం. రీబ్రాండింగ్‌లో చేయాల్సిన పనులన్నీ పద్ధతి ప్రకారం చేసి, అసలు చోట తడబడిన కంపెనీ ఇది.

న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతానికి చెందిన గృహిణి జీన్ నైడెచ్ 1961లో సుమారు 97 కిలోల బరువుండేవారు. నగర ఆరోగ్యశాఖ క్లినిక్ ఇచ్చిన ఆహార నియమాలు పాటిస్తూనే, ఒంటరిగా నెగ్గుకు రాలేనని స్నేహితురాళ్లను ఇంటికి పిలిచి కష్టసుఖాలు కలబోసుకోవడం మొదలుపెట్టారు. 1962 అక్టోబరుకల్లా 64 కిలోలకు వచ్చారు. మరుసటి ఏడాది ఆ కబుర్ల కూటమే కంపెనీ అయింది. వారంవారం సమావేశం, అందరి ముందూ కాకుండా పక్కకు పిలిచి బరువు చూడటం, ఒకప్పుడు సభ్యులుగా ఉండి బరువు తగ్గినవాళ్లే మిగతావారిని నడిపించడం... ఇదీ సరుకు. 1978లో ఆహార కంపెనీ హైంజ్ దీన్ని కొనుక్కుంది. 1999లో ఆర్టాల్ అనే యూరప్ పెట్టుబడి సంస్థ చేతికి వచ్చింది.

పేరు మార్చాలన్న ఆలోచనకు కారణం గాలి మళ్లడం. 2010 తరవాత అమెరికాలో ‘డైట్’ అంటేనే మొహం తిప్పుకునే ధోరణి పెరిగింది. సన్నబడటం లక్ష్యమని పైకి చెప్పుకోవడానికి జనం మొహమాటపడసాగారు. శక్తి, నిద్ర, ఫిట్‌నెస్ లాంటి మాటలు ముందుకొచ్చాయి. ఆహారాన్ని లెక్కపెట్టే యాప్‌లు ఫోన్లలో ఉచితంగా దొరికేశాయి. 2015 అక్టోబరులో టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే దాదాపు 4.3 కోట్ల డాలర్లతో పది శాతం వాటా కొని, బోర్డులో చేరి, ప్రకటనల్లో కనిపించడంతో కంపెనీకి ఊపిరొచ్చింది. 2017లో సీఈవోగా వచ్చిన మిండీ గ్రాస్‌మన్ ఆ ఊపులోనే సంస్థ రూపం మార్చాలనుకున్నారు.

ముందు పని, తరవాత పేరు

తొందరపడి బోర్డులు మార్చేయలేదు. 2017 డిసెంబరులో కొత్త ఆహార ప్రణాళిక తెచ్చారు. చర్మం తీసిన కోడి రొమ్ము మాంసం, గుడ్లు, చిక్కుళ్లు సహా రెండొందలకు పైగా పదార్థాలకు, సభ్యులు తినేదాన్ని లెక్కపెట్టుకునే పాయింట్లను సున్నా చేసి, లెక్కల గోల తగ్గించారు. 2018 ఫిబ్రవరిలో సంస్థ ఆశయాన్ని తిరగరాశారు. ‘అప్పుడు లావు, ఇప్పుడు సన్నం’ అనే జంట ఫొటోలను ప్రచారంలో వాడబోమన్నారు. సొంత ఆహార ఉత్పత్తుల్లోంచి కృత్రిమ తీపి, రంగులు, రుచులు తీసేస్తామన్నారు. 2020 చివరికి ఆదాయం 200 కోట్ల డాలర్లు దాటాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఇదంతా అయ్యాకే సెప్టెంబరులో పేరు. దాంతోపాటే కొత్త యాప్, మంచి అలవాట్లకు బహుమతులు, ధ్యానం నేర్పే హెడ్‌స్పేస్‌తో ఒప్పందం. సమావేశాలు వర్క్‌షాపులయ్యాయి, వాటిని నడిపేవాళ్లు కోచ్‌లయ్యారు.

ఇంతవరకూ వంక పెట్టడానికి లేదు. రంగులద్దిన లోగోతో పాత సరుకునే అమ్మే రీబ్రాండింగులే ఎక్కువగా కనిపిస్తాయి. ఇక్కడ సరుకు ముందు మారింది.

చిక్కంతా పేరుతోనే. రెండక్షరాల పేర్లకు కొన్ని ఇబ్బందులు పుట్టుకతోనే వస్తాయి. ఇంటర్నెట్‌లో బరువు తగ్గే దారి వెతికేవాడికి ఆ అక్షరాలు ఏమీ చెప్పవు. చట్టపరంగా కాపాడుకోవడమూ కష్టమే. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అక్షరాల కోసం వన్యప్రాణి సంరక్షణ సంస్థతో బ్రిటన్ కోర్టులో ఓడి, కుస్తీల కంపెనీ 2002లో డబ్ల్యూడబ్ల్యూఈగా మారిన సంగతి టీవీ చూసే పిల్లలకూ ఎరుకే. పాత పేరు మీద హక్కులూ చీలి ఉంటాయి: వెయిట్ వాచర్స్‌ను అమ్మేసినా, ఫ్రోజెన్ భోజనాల వంటి కొన్ని ఆహార పదార్థాలకు ఆ పేరు వాడుకునే హక్కు హైంజ్ తన దగ్గరే ఉంచుకుంది. అందుకే పేరు మార్చేముందు ఏ దేశంలో, ఏ తరగతిలో ఎవరి పేరిట నమోదైందో న్యాయవాదులు జల్లెడ పట్టాల్సి ఉంటుంది.

అంతకన్నా పెద్ద చిక్కు, ఆ అక్షరాలకు అర్థమేంటని అడిగితే సూటైన జవాబు లేకపోవడం. వెయిట్ వాచర్సా, వెల్‌నెస్ నినాదమా? రెండూ కాదు, అదొక గుర్తు అన్నట్టు మాట్లాడింది కంపెనీ. చివరికి ‘కొత్తగా తీర్చిదిద్దిన వెయిట్ వాచర్స్’ అన్న మాటను లోగో పక్కనే రాసుకోవాల్సి వచ్చింది. వదిలించుకున్న పేరుతోనే పరిచయం చేసుకోవాల్సి రావడం కన్నా ఇబ్బంది ఏముంటుంది?

జనవరి పరీక్ష

ఈ వ్యాపారానికి సంక్రాంతి సీజన్ లాంటిది జనవరి. కొత్త సంవత్సర తీర్మానాలతో సభ్యులు చేరేది అప్పుడే. జనవరితో మొదలయ్యే మూడు నెలలు బాగుంటే ఏడాది గడిచిపోతుంది. 2017 డిసెంబరులో 32 లక్షలున్న సభ్యులు 2018 మార్చి చివరికి 46 లక్షలయ్యారు. కొత్త పేరుతో వచ్చిన తొలి సీజన్ 39 లక్షల దగ్గర మొదలై, మళ్లీ 46 లక్షల దగ్గరే ఆగింది. అంటే చేరిక సగానికి పడిపోయింది. 2018 వేసవిలో వంద డాలర్లు దాటిన షేరు, 2019 ఫిబ్రవరి 27న ఒక్కరోజులోనే మూడోవంతు విలువ పోగొట్టుకుని ఇరవై డాలర్ల దరికి జారింది.

తప్పంతా పేరుదే అనడం అన్యాయం. అప్పుడు పిండిపదార్థాలు బాగా తగ్గించి తినే కీటో డైట్ మోజు జోరుగా ఉంది. యాజమాన్యం దాన్నీ ఒక కారణంగా చూపింది. అంతకుముందు ఏడాది కొత్త ప్రణాళిక వేడి మీద వచ్చిన పెరుగుదలను మళ్లీ అందుకోవడమూ సులువు కాదు. కానీ అదే యాజమాన్యం వసంతకాలపు ప్రకటనల్లో బరువు తగ్గడం గురించి మరింత గట్టిగా చెబుతామంది. దీంతో అసలు సంగతి బయటపడింది. జనం వెల్‌నెస్ మాటను ఇష్టపడ్డారు గానీ, నెలనెలా డబ్బు కట్టింది మాత్రం బరువు తగ్గడానికే. సర్వేలో చెప్పే కోరికా జేబులోంచి డబ్బు తీయించే అవసరమూ ఒకటి కావని గుర్తించకపోవడమే ఈ ప్రణాళికలో అసలు లోపం. ఆ ఏడాది నవంబరులో ఒక్కొక్కరికి తగిన ఆహార ప్రణాళికను ఎంచే కొత్త పద్ధతి తెచ్చారు. 2019 చివరికి సభ్యులు 42 లక్షలు, అంతకుముందు ఏడాది చివరి 39 లక్షల కన్నా ఎక్కువ. ఆదాయం మాత్రం 2018లో ఉన్న 151 కోట్ల డాలర్ల నుంచి 141 కోట్లకు తగ్గింది. 200 కోట్ల లక్ష్యం అందనే లేదు.

కొత్త పేరు పాత విమర్శలనూ ఆపలేదు. 2019 ఆగస్టులో ఎనిమిది నుంచి పదిహేడేళ్ల పిల్లల కోసం తెచ్చిన కుర్బో యాప్ మీద తల్లిదండ్రులు, నిపుణులు మండిపడ్డారు. పదమూడేళ్లలోపు పిల్లల వివరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించారన్న ఆరోపణపై 2022లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 15 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. వెల్‌నెస్ సంస్థ అని చెప్పుకున్నాక జనం వైద్యుడి దగ్గర ఆశించేంత జాగ్రత్తను ఆశిస్తారు.

2022లో సిమా సిస్తానీ సీఈవోగా వచ్చాక పాత పేరు మళ్లీ ముందుకొచ్చింది, ఈసారి రెండు మాటలూ కలిపి వెయిట్‌వాచర్స్‌గా. అప్పటికే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు బరువు తగ్గించే వ్యాపారాన్ని తలకిందులు చేస్తున్నాయి. 2023 మార్చిలో కంపెనీ అలాంటి మందులు రాసిచ్చే టెలీవైద్య సంస్థ సీక్వెన్స్‌ను 10.6 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. 2024లో ఓప్రా బోర్డు నుంచి తప్పుకున్నారు. 2025 మేలో కంపెనీ దివాలా రక్షణ కోరింది. 115 కోట్ల డాలర్ల అప్పు రద్దు చేయించుకుని జూన్‌లో బయటికొచ్చింది. ఇప్పుడు సభ్యులకు కనిపించే పేరు వెయిట్‌వాచర్స్. రికార్డుల్లో మాత్రం ఇంకా డబ్ల్యూడబ్ల్యూ ఇంటర్నేషనలే.