మానేసిన తర్వాత తొంభై రోజులు

కార్తీక మాసం వచ్చిందంటే తెలుగునాట ఎంతోమంది మగవాళ్ల సాయంత్రాలు మారిపోతాయి. నిన్నటిదాకా వైన్స్ పక్కన పర్మిట్ రూమ్‌లో కూర్చున్న మనిషి తెల్లవారుజామునే చన్నీళ్లు పోసుకుంటాడు. నల్లబట్టలు కట్టుకుని, మెడలో మాలతో, చెప్పుల్లేకుండా గుడికి వెళ్తాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. శబరిమల వెళ్లి ఇరుముడి సమర్పించి, తిరిగొచ్చి మాల తీస్తాడు. ఆ రాత్రే మళ్లీ గ్లాసు పట్టేవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఏడాది పొడవునా మాలలోనే ఉంటే ఎంత బాగుండునని వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు అనుకోవడమూ మామూలే.

అన్నాళ్లు ఆగగలిగిన మనిషి ఆ తర్వాత ఎందుకు ఆగలేకపోయాడు? భక్తి చల్లారిపోయిందని అనుకుంటే సగమే అర్థమైనట్టు. దీక్ష అతని చుట్టూ ఒక పెద్ద ఏర్పాటు చేసింది. లేచే వేళ, తినే వేళ ఖాయమయ్యాయి. తాగే వేళకు భజన వచ్చింది. పక్కన తోటి స్వాములు ఉన్నారు. మెడలో మాల చూసి ఎవరూ మందు తాగమని బలవంతపెట్టలేదు. వీధిలో అందరూ 'స్వామీ' అని గౌరవంగా పిలిచారు. మాల తీసిన రోజున ఇదంతా ఒక్కసారిగా పోయింది. పాత దారి, పాత దోస్తులు, ఖాళీ సాయంత్రం మిగిలాయి.

మద్యం గానీ గంజాయి గానీ కొత్తగా మానేసిన మనిషికి మనోబలం ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. అలాంటి ఏర్పాటు అతనికి కావాలి. అది ఇంకా ఎక్కువ కాలం నిలవాలి.

ఎంతకాలం అన్నదానికి యాభై ఏళ్ల కిందటే ఒక ఆధారం దొరికింది. 1971లో హంట్, బార్నెట్, బ్రాంచ్ అనే అమెరికన్ పరిశోధకులు మద్యం, హెరాయిన్, సిగరెట్ మానేసినవాళ్లలో తిరిగి మొదలుపెట్టినవారి లెక్కలు పక్కపక్కన పెట్టి చూశారు. మూడింటిలోనూ ఒకటే తీరు కనిపించింది. ఎక్కువమంది మొదటి మూడు నెలల్లోనే వెనక్కి జారారు. ఆ గడువు దాటినవాళ్లలో జారడం బాగా తగ్గింది. అందుకే వైద్యులూ కౌన్సెలర్లూ తొలి తొంభై రోజులను అంత గట్టిగా పట్టించుకుంటారు.

మన దేశంలో ఆ తొంభై రోజులకు తోడు దొరికేవాళ్లు చాలా తక్కువ. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యం సమస్యకు సాయం అవసరమైనవారు సుమారు 5 కోట్ల 70 లక్షల మంది. గంజాయి, భంగు వంటివాటి విషయంలో సుమారు 72 లక్షల మంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతావాళ్లు ఒట్టు వేసి, మాల వేసి, మొక్కుకుని, ఒంటరిగా పోరాడుతున్నారు.

ఆ ఒంటరి పోరాటంలో మొదటి వారమే అసలు ప్రమాదం. రోజూ ఎక్కువగా తాగే శరీరం మద్యానికి అలవాటుపడి, దాని మత్తును తట్టుకోవడానికి నరాలను నిరంతరం ఉరకలెత్తిస్తుంది. మద్యం హఠాత్తుగా ఆగినా నరాల ఉరుకు ఆగదు. ఆఖరి గ్లాసు తర్వాత కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరు లేని మనుషులను చూసి మాట్లాడతారు, ఎక్కడ ఉన్నారో మరిచిపోతారు. ఈ స్థితికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో వైన్స్, కల్లు దుకాణాలు ఒక్క పూటలో మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు కనిపించింది ఇదే. వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ ఉన్నవాళ్లను ఇంటివాళ్లు పట్టుకుని తీసుకొచ్చారు. అల్ప్రజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవాళ్ల అవస్థ ఇంకా ఎక్కువ. రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి మానడానికి ముందు డాక్టరును కలవాలని చెప్పేది ఇందుకే. డాక్టర్లు కొన్ని రోజులు నరాలను నెమ్మదింపజేసే మందులు ఇచ్చి వాటిని క్రమంగా తగ్గిస్తారు. థయమిన్ అనే బి1 విటమిన్ కూడా ఇస్తారు. అది బాగా తగ్గిపోతే మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోయే ముప్పుంది.

గంజాయి సంగతి వేరు. అది ఆకే కదా, అలవాటు కాదని కాలేజీ కుర్రాళ్లు ఇప్పటికీ అనుకుంటారు. రోజూ పీల్చేవాళ్లు మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, కోపం, దిగులు మొదలవుతాయి. ఆకలి చచ్చిపోతుంది, నిద్ర పట్టదు. పట్టినా కలలు ఉలిక్కిపడి లేచేంత స్పష్టంగా వస్తాయి. మొదటి వారంలో ఇవి తారస్థాయికి చేరి, రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. నిద్ర ఒక్కటే ఇంకా కొంతకాలం సతాయిస్తుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగ నిర్ధారణ గ్రంథంలో దీనికి చోటిచ్చింది.

కారణం మెదడులో ఉంది. గంజాయిలోని టీహెచ్‌సీ సీబీ1 అనే గ్రాహకాల మీద పనిచేస్తుంది. రోజూ వాడేవాళ్లలో అవి తగ్గిపోతాయి. మానేసిన రెండు రోజుల్లోనే కోలుకోవడం మొదలుపెట్టి, నాలుగు వారాలకు దాదాపు మామూలు స్థితికి వస్తాయని మెదడు స్కానింగులతో చేసిన పరిశోధనల్లో తేలింది. రాత్రి మూడింటికి నిద్ర లేక పొర్లుతున్న కుర్రాడికి ఇది చెప్పి తీరాలి. ఆ చిరాకు తన స్వభావం కాదనీ, దానికి గడువు ఉందనీ తెలిస్తే ఇంకో రాత్రి ఓర్చుకోగలడు.

రెండూ అలవాటైనవాళ్లకు ఇంకో ఉచ్చు కాచుకుని ఉంటుంది. మందు మానేసినవాడు నిద్ర కోసం ఒక జాయింట్ తప్పు లేదనుకుంటాడు. గంజాయి మానేసినవాడు రెండు బీర్లతో సరిపెట్టుకుంటానంటాడు. అమెరికాలో కంబైన్ పేరుతో మద్యం రోగులపై జరిగిన పెద్ద చికిత్సా ప్రయోగం వివరాలను 2017లో మళ్లీ విశ్లేషించారు. చికిత్స కాలంలో గంజాయి వాడినవాళ్లకు మద్యం ముట్టని రోజులు తక్కువగా ఉన్నాయి. ఒకదాని మత్తు రెండోదాని జ్ఞాపకాన్ని లేపుతుంది. మత్తులో ఉన్న మనిషికి నిన్న వేసిన ఒట్టు గుర్తుండదు. అందుకే తొలి నెలల్లో రెండూ ఒకేసారి వదలమని వైద్యులు సలహా ఇస్తారు.

శరీరం కుదుటపడ్డాక పోరు సాయంత్రాలతో మొదలవుతుంది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట కలిసి వచ్చే వేళ అది. జీతం పడిన రోజు, అత్తారింట్లో దావత్, పెళ్లి ముందురోజు రాత్రి, స్నేహితుడి పుట్టినరోజు సిట్టింగ్, చివరికి దినకర్మ భోజనం కూడా పరీక్షలే. సియాటిల్‌కు చెందిన మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ ఈ సందర్భాలను దశాబ్దాల పాటు అధ్యయనం చేశాడు. మనసులో దిగులు, మనుషులతో గొడవ, తోటివాళ్ల ఒత్తిడి అనే మూడు దారుల్లోనే ఎక్కువమంది జారిపోతున్నారని తేల్చాడు. తాగాలన్న కోరికను ఆయన అలతో పోల్చాడు. అది లేస్తుంది, ఎత్తుకు పోతుంది, విరిగిపోతుంది. చాలాసార్లు అరగంట కూడా నిలవదు. ఆ అరగంటలో ఏం చేయాలో ముందే అనుకుని ఉండాలి.

అనుకోవాల్సినవి చిన్న పనులే. ఆఫీసు నుంచి వైన్స్ ఎదురుగా వచ్చే దారి మార్చుకోవడం. ఆరింటికే కడుపునిండా తినడం. తొలి నెలల్లో జీతం ఇంటావిడ చేతిలో పెట్టడం. సరుకు తెచ్చిచ్చే కుర్రాడి నంబర్ ఫోన్‌లోంచి తీసేసి, ఆ వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రావడం. "ఒక్క పెగ్గే కదరా" అనే బావకు "డాక్టర్ వద్దన్నాడు బావా, ఇంకేం అడగొద్దు" అన్న జవాబు నోటికి వచ్చేదాకా సాధన చేయడం. పెళ్లికి వెళ్లినా తాళి కట్టగానే అక్షింతలు వేసి వచ్చేయడం.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ క్షణంలో ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉండడం. 1935 మే నెలలో న్యూయార్క్ స్టాక్ వ్యాపారి బిల్ విల్సన్ పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ వెళ్లాడు. అతను తాగుడు మానేసి అప్పటికి అయిదు నెలలే. వ్యాపారం బెడిసికొట్టింది. హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒకవైపు బార్, ఇంకోవైపు టెలిఫోన్. చర్చిల జాబితా చూసి ఫోన్లు చేస్తూ, తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడాలని అడిగాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంట మాత్రమే ఉంటానని వచ్చిన డాక్టర్ ఆరు గంటలకు పైగా కూర్చున్నాడు. కొన్ని వారాలకే డాక్టర్ ఒక వైద్యుల సదస్సుకు వెళ్లి మళ్లీ తాగాడు. విల్సన్ అతన్ని వదల్లేదు. జూన్ 10న డాక్టర్ తాగిందే ఆఖరిది. ఆ ఇద్దరితో మొదలై, తాగుడు మానేవాళ్లు ఒకరికొకరు తోడు నిలిచే సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ తన పుట్టినరోజుగా ఆ తేదీనే చెప్పుకుంటుంది. ఈ బృందాల సమావేశాలు ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లోనూ జరుగుతున్నాయి. ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పనక్కర్లేదు.

డాక్టర్ బాబ్ కథలో ఆ జారుడు ఇంటివాళ్లకు చాలా అవసరమైన పాఠం. మానేసిన మనిషి ఒకరోజు తాగి వస్తే అంతా అయిపోయిందని ఇల్లు ఏడుస్తుంది. తాగినవాడూ అదే అనుకుని, ఎలాగూ పోయింది కదా అని రెండో సీసా తెరుస్తాడు. నిజంగా ముంచేది ఈ ఆలోచనేనని మార్లాట్ హెచ్చరించాడు. ఆ రాత్రి గొడవ పెట్టుకుంటే లాభం లేదు. మర్నాడు మత్తు దిగాక ఎక్కడ, ఎవరితో, ఏ పరిస్థితిలో మొదలైందో నెమ్మదిగా అడిగి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంట్లో సీసా ఉంచి "చూద్దాం, నిగ్రహం ఉందో లేదో" అని పరీక్ష పెట్టకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికే వెళ్లారు. సరుకు కళ్లముందు ఉన్నంతకాలం మాటలు పనిచేయవని వాళ్లకు అనుభవం మీద తెలుసు.

తెలియకుండా అన్నంలో మందు కలిపి మాన్పించే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయకూడదు. డైసల్ఫిరామ్ అనే మాత్ర వేసుకున్నవాళ్లు తాగితే ఒళ్లు ఎర్రబడి, వాంతులై, గుండె దడ పుడుతుంది, బీపీ పడిపోతుంది. ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండవచ్చు. మనిషి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వాడితే అదే మాత్ర మేలు చేస్తుంది. తాగాలన్న కోరికను తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులున్నాయి. గంజాయికి అలాంటి ఆమోదిత మందు ఇంకా లేదు. కౌన్సెలింగ్, నిద్ర, పని, తోడు, ఇవే దానికి వైద్యం.

గంజాయి కేసు అవుతుందన్న భయంతో చికిత్సకు వెనకాడేవాళ్లు ఎందరో. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ వీళ్లకోసమే. వాడినందుకు గానీ స్వల్ప పరిమాణంలో దొరికినందుకు గానీ కేసైనా, బానిసైన మనిషి స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. చికిత్స మధ్యలో మానకుండా పూర్తిచేయాలి.

సాయానికి రెండు నంబర్లున్నాయి. 14446 మత్తు విముక్తికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత హెల్ప్‌లైన్. 14416 మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌ది, అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు. అలవాటున్న మనిషే ఫోన్ చేయాలనేమీ లేదు. భార్య, తల్లి, అన్నదమ్ములు, హాస్టల్ రూమ్మేట్ ఎవరైనా చేయవచ్చు. ఏం తీసుకుంటున్నాడు, రోజుకు ఎంత, ఆఖరిసారి ఎప్పుడు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అన్న నాలుగు సంగతులు కాగితం మీద రాసుకుని చేస్తే, ఇంట్లో ఉండి మానవచ్చా, ఆసుపత్రికి వెళ్లాలా అన్నది అవతలి మనిషి త్వరగా చెప్పగలుగుతారు.