చేతులు ముడుచుకొన్న వేటగత్తె

ఇంట్లో క్రొత్త పురుగు కనిపిస్తే మనలో చాలామంది చేయి చీపురు మీదికో, మందు డబ్బా మీదికో వెళ్తుంది. అది ఏ పురుగు, ఏమి తిని బ్రతుకుతుంది అని అడిగేవారు తక్కువ. గత వర్షాకాలములో దొంతన్‌పల్లిలోని మా యింటికి వచ్చిన ఒక అతిథి మా చేత ఆ ప్రశ్న అడిగించింది.

శంకర్‌పల్లి, మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతాలు కూరగాయల తోటలకు, పూల తోటలకు పేరు పొందినవి. వానలు పడ్డాక రాత్రివేళ దీపాల చుట్టూ రెక్కల పురుగులు ముసురుతాయి. వాటిని తినేవి కూడా వాటి వెంటే వస్తాయి. అలా ఒక సాయంకాలము మా వంటింటి కిటికీ మీద వేలెడు పొడవున్న పచ్చని గొల్లభామ కనిపించింది. కొన్ని ఊళ్ళలో మిడతను కూడా ఇదే పేరుతో పిలుస్తారు గాని, ఇది ఆకులు తినే మిడత కాదు, పురుగులను పట్టి తినేది.

“విషపు పురుగేమో, పిల్లలను దగ్గరకు రానివ్వకండమ్మా” అని పొరుగింటి పెద్దమ్మ హెచ్చరించారు. నిజానికి దానికి విషము లేదు, కొండి లేదు. గట్టిగా పట్టుకుంటే ముళ్ళ కాళ్ళతో గిచ్చవచ్చు, అంతే.

పిల్లలు ఫోను తెచ్చారు. ఫ్లాష్ వేయకుండా, ఫోనును దాని కళ్ళ ఎత్తుకు దించి, చేతులు కిటికీ అంచుకు ఆనించి ఫోటోలు తీశాము. ఏ ప్రక్కనుండి తీసినా దాని కంటిలోని నల్ల చుక్క మావైపే చూస్తున్నట్లున్నది! అది నిజమైన కనుపాప కాదు. ఆ కన్ను వేలాది చిన్న కళ్ళ కూర్పు. మనకు ఎదురుగా ఉన్నవి వెలుగును లోపలికి తీసుకొని తిరిగి పంపవు గనుక అక్కడ నల్లగా కనిపిస్తుంది.

ఇంతలో ఒక చిన్న రెక్కల పురుగు వచ్చి వాలింది. గొల్లభామ గాలికి ఊగే ఆకువలె మెల్లగా ఊగింది. మరుక్షణము పురుగు దాని ముంగాళ్ళ మధ్య ఉన్నది! పట్టుకొనక ముందరి ఫోటో ఉన్నది, తరువాతి ఫోటో ఉన్నది, పట్టుకొన్న క్షణము మాత్రము దొరకలేదు. ఆ దెబ్బకు సెకనులో పదవ వంతు కూడా పట్టదు.

ముంగాళ్ళు ముడుచుకొని ప్రార్థిస్తున్నట్లు కూర్చుంటుంది గనుక 1758లో లినేయస్ ఒక జాతి గొల్లభామకు ‘భక్తి గలది’ అని అర్థమిచ్చే పేరు పెట్టాడు. 2016లో ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, తేనెమైనముతో దానికి చిన్న కళ్ళద్దాలు అంటించి పరీక్షించి, అది మనవలె రెండు కళ్ళతో దూరమును అంచనా వేయగలదని చూపించారు.

ఇది తేనెటీగలను, సీతాకోకచిలుకలను కూడా తింటుంది. కాబట్టి తోటలోని తెగుళ్ళన్నిటికి ఇదే మందు అనలేము. అయితే మనము విచ్చలవిడిగా మందు కొడితే చీడపురుగులతో పాటు వాటిని తినేవి కూడా చస్తాయి. చీడపురుగులు త్వరగా మరల పెరుగుతాయి, వేటాడేవి అంత త్వరగా పెరగవు. తరువాత మరింత మందు కొట్టవలసి వస్తుంది. ఆ కూర వండుకొని తినేది మన పిల్లలే గదా!

కొమ్మలు కత్తిరించేటప్పుడు ఎండిన నురుగు ముద్దవంటిది కనబడితే తీసివేయకండి. అది దాని గ్రుడ్ల గూడు కావచ్చు. గొల్లభామ ఇంట్లోకి వస్తే ఒక కాగితము మీదికి ఎక్కించి, పెరట్లో బెండ మొక్క మీద వదలండి. అంతకు ముందు పిల్లలను పిలిచి చూపించండి.